ఒకరు తక్కువ

జనార్దన్‌కు కంప్యూటర్ ఆటలు ఆడటం రాదు. ఆ సంగతి ఆయన ముందే చెప్పాడు. అయినా ఉదయ్‌కిరణ్ వదల్లేదు.

"ఆడటం మాకొచ్చు అంకుల్. చరిత్ర మీకొచ్చు. పిల్లలు చేసినవి చూసి ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదరలేదో చెప్పండి, చాలు. అక్షింతలు వేసినా పడతారు."

ఉదయ్‌కిరణ్ తండ్రీ జనార్దనూ ఒకే బ్యాంకులో చాలా ఏళ్ళు పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. కుర్రవాడు సూరత్ శివారు గోడాదరాలో ఒక మందుల దుకాణం పైన కంప్యూటర్లు నేర్పే కేంద్రం పెట్టుకున్నాడు. అక్కడ మగ్గాల మీద బతికే తెలుగువాళ్ళు ఏటా శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి ఊరేగింపు తీస్తారు. ఆ పండగ పేరు చెప్పి అతనొక పోటీ పెట్టాడు. శుక్రవారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నానికి ఒక ఆట తయారుచేయాలి. కథ సూరత్ చరిత్రలోంచి తీసుకోవాలి. దీన్ని గేమ్ జామ్ అంటారట. ఇంటర్నెట్‌లో చదివాడట.

జనార్దన్ చరిత్రలో ఎమ్మే చేసి బ్యాంకులో చేరినవాడు. చదివిన చదువుతో ఆయనకు మిగిలిన సంబంధం ఒక్కటే, సెలవు రోజున తాపీ నది ఒడ్డున పాత కోట గోడ వెంబడి నడవటం. కాత్యాయని ఉన్న రోజుల్లో ఆమె కూడా పల్లీలు ఒలుచుకుంటూ నడిచేది. "ఈ గోడ నీకేం చెప్తుందయ్యా, నాకు మాత్రం కాళ్ళు నొప్పులని చెప్తోంది" అనేది. ఆమె పోయి రెండేళ్ళు. ఆల్థాన్‌లోని ఇంట్లో వాన చప్పుడు వింటూ ఆదివారం గడపడం కంటే ఎవరి పిల్లల ఆటలనో చూడటం నయమనిపించి, ఆమె గొడుగు తీసుకుని బయలుదేరాడు.

వారం రోజులుగా ఒకటే వాన. ఆకాశం కిందికి దిగి మేడల మీద ఆనుకున్నట్టుంది. ఆటో కిటికీలోంచి చూస్తే ఖాడీ కనిపించింది. ఊరి మురుగునూ వాననీటినీ మోసుకుపోయే ఆ వాగు మామూలు రోజుల్లో కదిలీ కదలనట్టుంటుంది. ఆవేళ అది కదలటం లేదు. నిండా ఉండి, ఎటూ పోకుండా, దేనికోసమో ఆగినట్టుంది. చూపు తిప్పుకున్నాడు జనార్దన్.

కేంద్రంలో పిల్లలు నిద్రలేని కళ్ళతో ఉన్నారు. ఎవరో ఆయనకు అడగకుండానే కుర్చీ వేసి, అల్లం దంచి వేసిన టీ చేతిలో పెట్టారు. ఇలాంటివి ఆయన మరిచిపోడు. కాత్యాయని పోయిన రోజున కూడా ఆసుపత్రి వరండాలో ఎవరో నర్సు కుర్చీ తెచ్చి వేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

మొదటి ఆట ఓడలది. పాత రేవులో సరుకు దించాలి. జనార్దన్ తెరలోకి తొంగిచూసి, "నాయనా, మొగలాయీల కాలంలో రేవులో కరెంటు దీపం వెలుగుతోందేమిటి?" అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆ కుర్రాడు కూడా నవ్వి అక్కడికక్కడే దీపాన్ని చెరిపేశాడు.

రెండోది సురేశ్ చేసింది. గుర్రాల మీద వచ్చి ఊరిని దోచుకునే ఆట. దుకాణం పగలగొట్టిన కొద్దీ పాయింట్లు.

"బాగా చేశావు. కానీ మమ్మల్నందరినీ దోచేవాడి గుర్రమే ఎక్కించావు. ఒకసారి దుకాణం లోపల నిలబెట్టి చూడు."

"లోపల నిలబడితె ఏముంటది సార్? యాక్షన్ ఉండొద్దా?"

"తలుపు మూసుకుని చీకట్లో కూర్చున్నావు. వీధి చివర గుర్రాల చప్పుడు వినిపిస్తోంది. అది చాలదూ?"

సురేశ్ మీట మీంచి వేలు తీసి, "అరే బాప్‌రే" అన్నాడు మెల్లగా.

మూడో ఆట దగ్గర నవ్వులు ఆగిపోయాయి.

అది సంగీతది. డిగ్రీలో చేరి ఏడాదైన పిల్ల. తండ్రి నర్సింగం మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. పుట్టింది కరీంనగర్ జిల్లాలోనే అయినా పెరిగింది ఇక్కడే, ఈ సందు చివరి ఇంట్లోనే. తెర మీద కనిపించిన సందు కూడా అదే. వరసగా ఒంటిగదుల ఇళ్ళు, వాటి చివర రెండు గోడల మధ్య డాబా మీదికి పోయే ఇరుకు మెట్లు. గడపలోంచి నీళ్ళు వస్తాయి. ఒక ముసలామె చంకలో పాపతో బయటికి రావాలి. వెనుక ఒక ముసలాయన ఉంటాడు. ముగ్గురూ డాబా మీదికి చేరాలి. మెట్టు ఎక్కిన కొద్దీ బొమ్మ పైకి జరుగుతుంది, వెనుక వస్తున్న ముసలాయన తెర అడుగున మాయమవుతాడు. చెప్పుల చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. డాబా మీదికి చేరగానే చప్పుడు ఆగిపోతుంది. తెర నల్లబడి రెండు మాటలు కనిపిస్తాయి: ఒకరు తక్కువ.

"దీన్ని గెలవలేం అంకుల్" అన్నాడు ఉదయ్‌కిరణ్. "పొద్దుట్నుంచి అందరూ ఆడారు. ముసలాయన్ని ముందు నడిపిద్దామంటే నడవడు. ఆగితే ఆగుతాడు. ఎక్కితే మాయం."

"ప్రోగ్రాములో ఏదో తప్పుంది" అన్నాడు సురేశ్. "సంగీతకు చెప్తె వినది. ముసలాయన్ను తీసెయ్, లేకుంటె బతికియ్. గెలవని ఆటకు ప్రైజ్ ఎవడిస్తడు?"

"తప్పేం లేదు" అంది సంగీత. గొంతు గట్టిగానే ఉంది, చూపే నేల మీద ఉంది. "గట్లనే అయింది."

జనార్దన్ ఆ ఆట ఆడాడు. మీటలు నొక్కటం చేతకాక మొదట నీళ్ళలోనే నిలబడిపోయాడు. సంగీత ఆయన వేలు పట్టుకుని సరైన మీట మీద పెట్టింది. రెండోసారి ఎక్కాడు. వెనుక చెప్పులు టపటపమంటున్నాయి. చప్పుడు ఆగింది. ఒకరు తక్కువ.

"ఎవరమ్మా ఆయన?"

"మా తాత సార్. రాజమల్లు. ఊళ్ళో ప్లేగు వచ్చిన సాల్ ఉంది కదా, దానికి ముందు వరదొచ్చింది. బాపమ్మ నన్ను ఎత్తుకొని ఎక్కింది. నాకప్పుడు ఆరేండ్లు. చెప్పుల సప్పుడు ఒక్కటే యాదుంది."

"మరి ఎందుకు ఆగిపోయాడు?"

"తెలీదు. ఇంట్ల ఎవ్వలు మాట్లాడరు. బాపమ్మనయితే అసలే అడగరు. రోజంతా కార్ఖానాల మిగిలిన దారం కండెలకు చుట్టుకుంట కూసుంటది, గంతే."

జనార్దన్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అందరూ ఆయన ఏమంటాడోనని చూస్తున్నారు. చరిత్ర చదివినవాడిగా తనకు నిజమని తోచిన మాటే చెప్పాడు.

"ఆట తప్పు కాదమ్మా. గెలుపు లేకపోవడం కూడా తప్పు కాదు. లోటు ఒక్కటే. ఆయన ఎందుకు ఆగాడో నీకే తెలియదు, కాబట్టి నీ ఆటకీ తెలియదు. పుస్తకాల్లో దొరకనిది మనుషుల్ని అడగాలి. తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉంది. ఇంటికెళ్ళి అడుగు. రేపు పొద్దున ఫలితాలు చెప్పే ముందు ఆ ఒక్కటీ కలిపి చూపించు."

సంగీత తల ఊపింది. మంచి సలహా ఇచ్చానన్న తృప్తితో ఆయన ఇంటికి వెళ్ళి, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

సోమవారం పొద్దుటికి ఊరి తీరు మారిపోయింది. పాలవాడు రాలేదు. తాపీకి ఎగువ నుంచి నీళ్ళొస్తున్నాయట, పాత ఊళ్ళో బజార్లు మునుగుతున్నాయట అని మెట్ల మీద మనుషులు గుంపులుగా చెప్పుకుంటున్నారు. గోడాదరాకు ఆటోవాళ్ళెవరూ రామన్నారు. చివరికి ఒక ముసలి డ్రైవరు ఎక్కించుకుని, సందు మొదట్లో దింపి, "కాకా, సంభాళ్ కే" అని జాగ్రత్త చెప్తూ తన సీటు కింది ప్లాస్టిక్ సంచి తీసి జనార్దన్ తల మీద కప్పాడు.

సందులో నీళ్ళు పాదాలు దాటాయి. వానకు నిలిచిన నీళ్ళలా లేవవి. నల్లగా, వెనక్కి తన్నిన మురుగు వాసనతో, నెమ్మదిగా లోపలికి నడుస్తున్నాయి. ఖాడీ ఇక ఆగి లేదు.

పైన కేంద్రంలో ఉదయ్‌కిరణ్ కంప్యూటర్లను బల్లల మీదికి ఎక్కిస్తున్నాడు. "ఫలితాలు తర్వాత చూద్దాం అంకుల్. మీరసలు ఎందుకొచ్చారు?" అంటుండగానే సంగీత లోపలికి వచ్చింది. నడుము దాకా తడిసి ఉంది. జుట్టు మొహానికి అంటుకుపోయింది. ఉదయ్‌కిరణ్ వైపు చూడనైనా చూడలేదు.

"మీరు అడుగుమన్నరు సార్. అడిగిన."

"ఏమందమ్మా?"

"ఏమనలె. చేతుల ఉన్న కండె కింద పెట్టింది. మంచం మీద కూసుంది. రాత్రి తినలె. పొద్దున నీళ్ళొచ్చినయి, అందరు మీదికి పోయిండ్రు, బాపమ్మ లేస్తలేదు. బాపు కార్ఖానాల ఖాడీ అవతల ఉండె. అమ్మ ఊరికి పోయింది. సురేశ్, ఇంకొకడు కలిసి లేపబోయిండ్రు. మంచంకోడు పట్టుకొని ఒకటే ఒర్లింది. వదిలేసిండ్రు. నేనేం జెయ్యాలె సార్?"

తను నిన్న చెప్పిన ఒక్కొక్క మాటా జనార్దన్‌కు గుర్తొచ్చింది. ఎంత చక్కగా, ఎంత నిబ్బరంగా చెప్పాడు! పదేళ్ళకు పైగా మూసి ఉన్న తలుపు అది. అవతల ఏముందో తెలియకుండా, ఆ పిల్ల చేత తట్టించాడు.

"పద" అన్నాడు.

"అంకుల్, మీ మోకాళ్ళు..." అన్నాడు ఉదయ్‌కిరణ్.

"అవి ఇంటికెళ్ళాక నొప్పి పుడతాయిలే."

సందు చివరికి వెళ్ళేసరికి నీళ్ళు మోకాళ్ళు దాటి పైకి వచ్చాయి. కరెంటు పోయింది. పట్టపగలు మునిమాపులా ఉంది. పైన డాబా మీద జనం అరుస్తున్నారు. కింద గదులన్నీ తలుపులు బార్లా తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి. ఏదో ఇంట్లో గిన్నెలు ఒకదానికొకటి తగులుతూ తేలుతున్న చప్పుడు. గడప దగ్గర సురేశ్ నిలబడి ఉన్నాడు. వదిలేసి పోలేదు వాడు.

"లెమ్మంటె నన్ను కొరికింది సార్" అన్నాడు చెయ్యి చూపిస్తూ. "ఆ పళ్ళతోటి ఇంకా వందేండ్లు బతుకుతది. కాని లేస్తలేదు."

లోపల మంచం పట్టెల దాకా నీళ్ళున్నాయి. సంగీత బాపమ్మ కొమురవ్వ కాళ్ళు పైకి ముడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. సన్నటి మనిషి. చుట్టూ రంగురంగుల దారపు కండెలు తేలుతున్నాయి. ఆమె చూపు తలుపు మీద కాదు, తలుపుకి పక్కనున్న మూల మీద ఉంది.

జనార్దన్ లెమ్మనలేదు. తడిబట్టలతోనే మంచం చివర కూర్చున్నాడు.

"అవ్వా, నా పేరు జనార్దన్. పిల్లను ఆ మాట అడగమన్నది నేనే."

ఆమె తల తిప్పింది. "నువ్వేనా? నీకేమైతది సారూ. చెప్పి పోతవు. ఇనేటోళ్ళకు గదా నొప్పి."

"నిజమే."

ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. నీళ్ళు పట్టెల మీదికి సన్నగా ఎక్కాయి. సురేశ్ ఏదో అనబోతే సంగీత వాడి చెయ్యి పట్టుకుంది.

"గాడ నిలబడ్డడు" అంది కొమురవ్వ, మూలకేసి చూపిస్తూ. "పోరిని ఎత్తుకొని నడువు, ఎనుకనే వస్తున్న అన్నడు. నడిచిన. మెట్ల మీద చెప్పుల సప్పుడు ఇనవడ్డది. వస్తుండనుకున్న. ఎనుకకు మళ్ళి చూడలె. మీదికి పోయినంక చూస్తె ఎవ్వలు లేరు. ఎందుకు ఆగిండో నాకెట్ల ఎరుక? నన్ను అడుగుతరు! నేను మళ్ళి చూస్తెనే గదా ఎరుకయ్యేది."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మునిగిపోయినట్టున్నాయి.

"ఇప్పుడు ఏం చేస్తే ఎక్కుతావు అవ్వా?"

ఆమె ఆయన్ని వింతగా చూసింది. పొద్దుట్నుంచి లే అన్నవాళ్ళున్నారు, లాగినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు. ఈ మాట అడిగినవాళ్ళు లేరు.

"మీరందరు ముందు ఎక్కుండ్రి" అంది. "నా ఎనుక ఎవ్వలుండొద్దు. నేను ఆఖరుకొస్త."

"గదెట్లయితది?" అన్నాడు సురేశ్. "మేమెక్కినంక నువ్వు రాకపోతె?"

"అయితె నా పక్కన కూసో. ఇద్దరం పోదాం."

జనార్దన్ ఆమె కళ్ళలోకి చూశాడు. అక్కడ అబద్ధం కనిపించలేదు. నిజం కూడా కనిపించలేదు. ఆ సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు. బలవంతాన లాగితే ఆ ఇరుకు మెట్ల మీద పెనుగులాటలో ఎవరో ఒకరు పడతారు. నమ్మి ఎక్కితే, ఎక్కాక దిగి రావడానికి దారి మిగలకపోవచ్చు. ఆయన వంగి నీళ్ళలోంచి ఒక ఎర్ర దారపు కండెను తీశాడు.

"కండె నీ చేతిలో ఉంచుకో. కొస నేను పట్టుకుంటాను. నాకోసం."

"గొడ్డుకు పలుపు కట్టినట్టా?" అంది కొమురవ్వ. మూతి కొంచెం వంకర పోయింది. కానీ కండె అందుకుంది. పాతికేళ్ళు చుట్టిన వేళ్ళు వాటంతట అవే దాని చుట్టూ ముడుచుకున్నాయి.

సురేశ్‌ను ముందు పంపాడు. తర్వాత సంగీతను. ఆ పిల్ల గడప దాటుతూ వెనక్కి తిరగబోతే, "నడువే" అని అరిచింది బాపమ్మ. ఆఖరున జనార్దన్ కదిలాడు, దారం కొసను వేలికి చుట్టుకుని.

మెట్ల మీద చీకటి. రెండు పక్కలా గోడలు భుజాలకు తగులుతున్నాయి. ఆయన ఎక్కుతుంటే వెనుక కండె తిరిగి దారం వదులుతోంది. తేలిగ్గా, అడ్డం లేకుండా. అంటే ఆమె ఇంకా మంచం మీదే ఉంది. ఇంకో మెట్టు. ఇంకొకటి. దారం వస్తూనే ఉంది. కింద నీటి చప్పుడు మారింది. ఏదో బరువైనది కదిలి గోడకు కొట్టుకుంది. మంచమా?

మలుపు దగ్గర ఆగాడు. వెనక్కి చూడాలనిపించింది. చూసినా చీకటే. చూడనని మాటేమీ ఇవ్వలేదు, అయినా చూడలేదు. దారాన్ని లాగకుండా ఊరికే పట్టుకున్నాడు. అది బిగిసి ఉంది, వీణ తీగలా సన్నగా వణుకుతోంది. పైనుంచి సంగీత "సార్?" అంది.

దారం ఒక్కసారిగా వదులైంది.

వదులైతే రెండే అర్థాలు. ఆమె మెట్లెక్కి దగ్గరికొస్తోంది. లేదా కండె చేతిలోంచి జారిపోయింది. జనార్దన్ దారాన్ని వేళ్ళకు చుట్టుకోసాగాడు. చుట్టిన కొద్దీ వస్తోంది. బరువు లేదు. కొసన ఎవరూ లేనట్టే వస్తోంది. కాత్యాయని చెయ్యి చివరిసారి ఆయన చేతిలో అలాగే, బరువు లేకుండా ఉండింది. ఆయన చుట్టటం ఆపలేదు. కిందెక్కడో నీళ్ళు మెట్లను నాకుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. చెప్పుల చప్పుడు లేదు.

తర్వాత, చీకట్లోంచి, ఒక తడి చెయ్యి ఆయన వీపు మీద పడింది.

"నడువు సారూ. అడ్డం నిలబడితె నేనెట్ల ఎక్కాలె?"

ఆమె ఉత్త కాళ్ళతో ఎక్కింది. అందుకే వినపడలేదు.

డాబా మీద జనం జరిగి చోటిచ్చారు. ఎవరో పొడి దుప్పటి తెచ్చి కప్పారు. ఎవరో స్టవ్ వెలిగించి, అంత వానలో డాబా మీది రేకుల కింద టీ పెడుతున్నారు. సందు కనిపించటం లేదు. గోధుమరంగు నీళ్ళు అటు మిల్లుల దాకా పరుచుకుని, ఇంకా పెరుగుతున్నాయి. ఖాడీ అవతల నర్సింగం ఎలా ఉన్నాడో ఎవరికీ తెలియదు. జనార్దన్ ఇంటి సంగతీ తెలియదు. చుట్టిన దారం బిగుసుకుని ఆయన వేలు నీలంగా మారితే సంగీత కూర్చుని ఓపిగ్గా విప్పింది.

"సార్, ఆటల ఏం మార్చాలె నేను?"

"ఇప్పుడు కాదమ్మా" అన్నాడు ఆయన. "నిన్న చెప్పవలసిన దానికంటే ఎక్కువే చెప్పాను."

కొమురవ్వ మెట్ల తలుపు దగ్గరే నిలబడింది. కిందికి వంగి చాలాసేపు చూసింది. నీళ్ళు మలుపు దాకా వచ్చాయి.

"ఎవ్వలు లేరు" అంది.

"లేరు బాపమ్మా. అందరం ఈడనే ఉన్నం."

ఆమె తల ఊపింది. గాలికి తలుపు కొట్టుకుంటుంటే సురేశ్ వెళ్ళి గడియ పెట్టబోయాడు.

"ఉండనియ్ బిడ్డా" అంది కొమురవ్వ. "తెరిచే ఉండనియ్."

ఆమె ఆ తలుపుకి ఎదురుగా, మెట్ల వైపు మొహం పెట్టి కూర్చుంది. చేతిలో ఖాళీ కండె ఉంది. జల్లు మెట్ల మీదికి కొడుతున్నా, ఆ తలుపు ఎవరూ మూయలేదు.